పరిష్కర్త లేని ప్రతులు

తెలుగులో సినిమా మీద వచ్చిన విమర్శలో పెద్ద భాగం జ్ఞాపకం మీద ఆధారపడి రాసినదే. హాల్లో ఒకసారో రెండుసార్లో చూసి, ఇంటికొచ్చి, గుర్తున్నంత మేరకు రాసిన సమీక్షలవి. వాటి విలువను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కాని ఒక కావ్యాన్ని ఎవరో చదివితే ఒక్కసారి విని, పుస్తకం దగ్గర లేకుండా విమర్శ రాయమంటే సాహిత్య విమర్శకుడు ఒప్పుకుంటాడా? సినిమా విమర్శకుడు చాలాకాలం ఒప్పుకున్నాడు, వేరే దారి లేదు గనక. వీడియో కేసెట్టు, ఆ తర్వాత వీసీడీ, డీవీడీ వచ్చాకనే సినిమా మనబోటి వాళ్ళు అలమారలో పెట్టుకోదగ్గ గ్రంథం అయింది. వెనక్కి తిప్పవచ్చు, ఒక దృశ్యం దగ్గర ఆగవచ్చు, పక్కవాడికి చూపించి వాదించవచ్చు. ఇంత మార్పు జరిగినా మన విమర్శ ఒక ప్రాథమిక ప్రశ్నను వేసుకోలేదు. మనం కొని దాచుకున్న డిస్కులో ఉన్నది ఏ పాఠం? దాన్ని ఎవరు స్థిరపరిచారు?

నేను మోతీనగర్‌లో ఉంటాను. స్టూడియోలు, ఆఫీసులు జూబిలీహిల్స్ గుట్టల మీద, ఫిలింనగర్‌లో ఉన్నాయి. వాటిలో లైట్లు మోసేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, గుంపులో నిలబడి రోజు కూలి తీసుకునేవాళ్ళు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, మా వైపు బస్తీల్లో ఉంటారు. 2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకూ, డీవీడీని 34 రూపాయలకూ అమ్మడం మొదలుపెట్టినప్పుడు అసలు ప్రతి ధర బడిపంతులుకే కాదు, ఈ మనుషులకూ అందింది. అంతకుముందు దొంగ ప్రతులే దిక్కు. జీతం అందిన వారం కొత్తగా ఏ పాత సినిమాలు వచ్చాయోనని దుకాణాల చుట్టూ తిరగడం నాకు అలవాటయింది. ఆ అలవాటు ఫలితం ఇప్పుడు మూడు వందల పైచిలుకు డిస్కులు. ఈ వ్యాసానికి ఆధారం ఆ అలమారే.

ఎం.ఏ. తెలుగు చదివిన ప్రతివాడికీ ప్రతి అంటే ఏమిటో, పాఠం అంటే ఏమిటో తెలుసు. బ్రౌను ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని వ్రాతప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్పించి, పాఠం సిద్ధం చేయించాడు. ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ పీఠికా, కొన్ని పద్యాలూ లేకుండా అచ్చయిందని గ్రహించి, బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి 1910లో పూర్తి పాఠాన్ని ప్రకటించింది. తీరా ప్రభుత్వం ఆ పూర్తి పుస్తకాన్నే నిషేధించింది. అంటే ఏది పూర్తి పాఠం అన్నది పండితుల గొడవ మాత్రమే కాదు, అధికారం గొడవ కూడా. ఈ జ్ఞానమంతా తాటాకు దగ్గరే ఆగిపోవడం వింతగా ఉంటుంది. డిస్కు చేతికి రాగానే, అట్టమీద హీరో బొమ్మ ఉంది కాబట్టి లోపల సినిమా మొత్తం ఉందని మనం నమ్మేస్తాం.

నా దగ్గరున్న ‘అల్లూరి సీతారామరాజు’ వీసీడీనే తీసుకుంటాను. 1974లో వచ్చిన ఆ చిత్రం తెలుగులో తొలి సినిమాస్కోపు. స్కోపు బొమ్మలో ఎత్తు ఒక పాలైతే వెడల్పు 2.35 పాళ్ళు. పాత టీవీ తెరలో వెడల్పు 1.33 పాళ్ళే. తెర నిండాలంటే రెండు పక్కలా కోయాలి. లెక్క వేస్తే బొమ్మలో నూటికి 43 వంతులు పోతాయి. మిగిలిన 57 వంతుల్లో ఏది ఉండాలో నిర్ణయించేది దర్శకుడు కాదు, ఛాయాగ్రాహకుడు కాదు. ఏదో గదిలో బల్ల ముందు కూర్చున్న, పేరు తెలియని ఉద్యోగి. అతని తప్పేమీ లేదు. అతనికి చెప్పింది ఒకటే: హీరో ముఖం పోకూడదు. కనుక గుంపు దృశ్యాల్లో సీతారామరాజు ఉంటాడు, మన్యం జనం అంచుల్లో తెగిపోతారు. స్కోపు తెర అంత వెడల్పుగా ఎందుకు కావాల్సి వచ్చిందో ఆ కారణమే ఈ ప్రతిలో లేదు. ఈ ప్రతిని చూసి ఒక విద్యార్థి, వ్యాపార సినిమా ప్రజల పోరాటాన్ని ఒక్క వీరుడి కథగా కుదిస్తుంది అని వ్యాసం రాస్తాడనుకోండి. అతని సూత్రం సరైనదే కావచ్చు. కాని అతను చూపించిన సాక్ష్యంలో సగం కత్తెరది.

అన్ని తేడాలూ కుట్రలు కావు. సినిమా క్షణానికి 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. మన దేశపు టీవీ పద్ధతి 25. అందుచేత అనేక డిస్కుల్లో చిత్రం నూటికి నాలుగు వంతులు వేగంగా పరుగెడుతుంది. 184 నిమిషాల ‘మాయాబజార్’ ఆ లెక్కన 177 నిమిషాల లోపే అయిపోతుంది. ఒక్క దృశ్యం కూడా పోలేదు, కాని ఘంటసాల శ్రుతి పిసరంత పైకి పోతుంది. సంగీతం తెలిసిన మిత్రుడొకరు ఇది విని, ‘‘మాస్టారూ, ఇది ఆయన గొంతే గాని ఆయన వయసు కాదు’’ అన్నారు. ఇక వీసీడీలో ఒక్కొక్క డిస్కుకు పట్టేది 74 నుంచి 80 నిమిషాలు. మూడు గంటల సినిమా మూడు ముక్కలవుతుంది. కె.వి. రెడ్డి నిర్ణయించిన విశ్రాంతి ఒకచోట, డిస్కు నిర్ణయించిన విశ్రాంతి మరోచోట.

నిజంగా పోయినదేదో, పోయినట్టు అనిపించేదేదో తేల్చడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. సినిమా మొదట్లో మనం చూడకుండా దాటవేసే సెన్సారు సర్టిఫికెట్టు మీద రీళ్ళ సంఖ్య, పొడవు ఉంటాయి. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి సుమారు 27.36 మీటర్లు నడుస్తుంది. సర్టిఫికెట్టు మీద 4,500 మీటర్లని ఉంటే సినిమా 164 నిమిషాల పైచిలుకు. టీవీ వేగం తీసేసినా 158 ఉండాలి. డిస్కు 140 నిమిషాలకే శుభం చెపితే 18 నిమిషాలు ఎక్కడికో పోయాయి. విడుదలయ్యాక నిర్మాతే కత్తిరించి ఉండవచ్చు, రీలు పాడై ఉండవచ్చు, డిస్కుల సంఖ్య తగ్గించడానికి తీసేసి ఉండవచ్చు. నేను పోల్చి చూసిన వాటిలో మొదట పోయేవి పద్యాలు, ఆ తర్వాత పనివాళ్ళ మీద నడిచే చిన్న ఘట్టాలు. నాయికా నాయకుల యుగళగీతం పోయిన ప్రతి నాకు ఇంతవరకు కనబడలేదు.

2010లో రంగులద్దిన ‘మాయాబజార్’ ఈ మొత్తం వ్యవహారానికి మంచి ఉదాహరణ. ఆ పనిలో ఎందరి శ్రమో ఉంది, కొత్త తరాన్ని హాలుకు రప్పించింది కూడా. కాని కొన్ని పాటలు, అనేక పద్యాలు అందులో లేవు. మార్కస్ బార్ట్‌లీ వెన్నెలను నలుపు తెలుపుల మధ్య ఉన్న బూడిద ఛాయలతో కట్టాడు. ఆ ఛాయలకు నీలం పూస్తే అది వెన్నెలకు అనువాదం అవుతుందే తప్ప వెన్నెల కాదు. రంగుల ప్రతి ఉండకూడదని నేననను. వచన భారతం ఉంటే మనం వద్దన్నామా? నన్నయ ఎక్కడున్నాడో కూడా చెప్పమంటున్నాను.

ఇతరులు ఎలా చేస్తున్నారో చూడవచ్చు. సత్యజిత్ రాయ్ ‘అపు’ చిత్రత్రయం నెగటివులు 1993లో లండన్ లాబొరేటరీ మంటల్లో కాలిపోయాయి. కాలగా మిగిలిన ముక్కలను, ఇతర దేశాల భాండాగారాల్లోని ప్రతులను కలిపి బొలోన్యా నిపుణులు పునరుద్ధరించారు. 2015లో క్రైటీరియన్ సంస్థ వాటిని డిస్కులుగా తెచ్చింది. పునరుద్ధరణ ఎలా జరిగిందో కూడా ఆ పెట్టెలోనే వివరించింది. పరిష్కర్త పీఠిక అంటే అదే. మన డిస్కు అట్టమీద మరో పది సినిమాల ప్రకటన ఉంటుంది.

అచ్చు కానివాటి సంగతి మరీ అన్యాయం. జమీందార్ల ఒత్తిడితో కొన్ని జిల్లాల్లో నిషేధానికి గురైన గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ (1939), ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా మృణాళ్ సేన్ తీసిన ‘ఒక ఊరి కథ’ (1977), గౌతం ఘోష్ ‘మా భూమి’ — ఈ మూడింటిలో ఒక్కదాన్నీ నేను దుకాణంలో కొనలేకపోయాను. ‘మా భూమి’ ప్రతి ఒక మిత్రుడు టేపు నుంచి ఎక్కించి ఇచ్చినది. సంత ఏది అచ్చు వేస్తే అదే మన సినిమా చరిత్ర అవుతోంది.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 1957 కాపీరైటు చట్టం ప్రకారం సినిమా మీద హక్కు, విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్ళు. మాటలకూ పాటలకూ లెక్క వేరు గాని, చిత్రంగా 1957 నాటి ‘మాయాబజార్’ 2018 నుంచి ప్రజల సొత్తు. కాగితం మీద! నెగటివు ఎవరి అధీనంలో ఉంటే సొత్తు వారిదే. అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954 నుంచి చట్టముంది. సినిమాకు అటువంటిది లేదు.

యూట్యూబులో అన్నీ ఉన్నాయి కదా అంటారు మిత్రులు. ఉన్నాయి, మూల మీద సంస్థ ముద్రతో, తరచుగా సర్టిఫికెట్టు లేకుండా. ఇవాళ ఉన్న ప్రతి రేపు ఉండాలన్న నియమం లేదు. ఓటీటీలో మనం కొనేది చూసే అనుమతే గాని ప్రతి కాదు. 2022లో ‘పోకిరి’తో ఊపందుకున్న 4కే పునర్విడుదలలు ఎక్కువగా హీరోల పుట్టినరోజులను బట్టి నడుస్తున్నాయి. మంచి పని జరగలేదనీ అనను. 2019లో ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాదులోనే, అన్నపూర్ణ స్టూడియోలో, ఫిల్ము సంరక్షణ మీద శిక్షణ నిర్వహించింది. 2024లో అక్కినేని శతజయంతికి పాత చిత్రాలను దేశంలో అనేక నగరాల్లో మళ్ళీ తెరమీద చూపించారు. ఇవి ఉత్సవాలుగా కాక ఒక ప్రజా భాండాగారంగా రూపు కట్టాలి.

ఈలోగా డిస్కులు పోతున్నాయి. మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్ళింది. మా బడి కొత్త కంప్యూటర్లలో డిస్కు పెట్టే అర లేదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక కుప్ప ముందు కూర్చుని నేను ఏరుకుంటుంటే అమ్మే కుర్రవాడు అన్నాడు: ‘‘ఇవి చూడనీకి ఎవరు కొంటలేరు సార్. పావురాలు రాకుండ బాల్కనీల కట్టనీకి తీస్కపోతున్నరు.’’ ఆ కుప్పలోనే నాకు పద్యాలు ఎక్కువగా ఉన్న ‘మాయాబజార్’ ప్రతి దొరికింది.

దానితో కలిపి ఆ చిత్రానికి నా దగ్గర నాలుగు ప్రతులయ్యాయి. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు రాస్తున్నాను. ఇప్పటికి విశ్రాంతి వరకు వచ్చాను. వీసీడీ రాకముందు నాటి కేసెట్టు ప్రతి ఏ మిత్రుని ఇంట్లోనైనా ఉంటే, బూజు పట్టినా సరే, పారవేయకుండా పత్రిక కార్యాలయానికి తెలియజేయ గోరుతున్నాను.