సమాధి రాళ్లకు అద్దం పట్టినవాడు

బోస్టన్ నడిబొడ్డున, కింగ్స్ చాపెల్ చర్చిని ఆనుకుని ఉన్న పాత సమాధుల తోటలో జోసెఫ్ టాపింగ్ అనే కుర్రాడి రాయి ఉంది. 1678లో, 23 ఏళ్లకే పోయాడు. ఆ రాతి మీద ఓ చిన్న నాటకం నడుస్తూ ఉంటుంది. వెలుగుతున్న కొవ్వొత్తిని ఆర్పేయడానికి అస్థిపంజరం చెయ్యి చాస్తుంటే, గడ్డం పెరిగిన కాలపురుషుడు అడ్డుపడుతున్నాడు. ఇంగ్లండు కవి ఫ్రాన్సిస్ క్వార్ల్స్ 1638లో అచ్చువేసిన పుస్తకంలో ఉన్న బొమ్మ ఇది. దాన్ని సముద్రానికి అమెరికా ఒడ్డున ఎవరో పనివాడు పలకరాయిలోకి దించాడు, తన పేరు మాత్రం చెక్కుకోలేదు.

ఇలాంటి రాయి ఎదుట మబ్బు పట్టిన రోజున నిలబడి ఫోటో తీస్తే వచ్చేది బూడిదరంగు పలక. ఎండ సూటిగా ముఖాన కొట్టే వేళ తీసినా అంతే. తప్పు కెమెరాది కాదు. ఈ పనితనమంతా చాలాచోట్ల గోరు మందం లోతులోనే ఉంటుంది. ఆ గోరు మందానికి నీడ పడితేనే రెక్క రెక్కగా, అక్షరం అక్షరంగా కనిపిస్తుంది. నీడ పడాలంటే వెలుగు పక్కనుంచి, రాతి ముఖాన్ని ఒరుసుకుంటూ రావాలి. దక్షిణానికి తిరిగిన రాయికి రోజులో ఏదో ఒక వేళ ఆ యోగం ఉంటుంది. ఉత్తరానికి తిరిగిన రాయి ముఖాన ఏడాదిలో చాలా భాగం ఎండ పొడే పడదు. చెట్ల కింది రాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ చిక్కును మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణపు వ్యాపారి డేనియల్ ఫార్బర్ (1906–1998) ఒక నిలువుటద్దంతో విప్పాడు. ఫోటోగ్రఫీ అతనికి వృత్తి కాదు, సరదా. భార్య జెస్సీ లై ఫార్బర్‌తో కలిసి న్యూ ఇంగ్లండు అనే ఈశాన్య అమెరికా ప్రాంతపు సమాధుల తోటలెన్నో తిరిగాడు. వాళ్లు చేసింది చెప్పడానికి తేలికే. కెమెరాను రాయికి ఎదురుగా నిలపాలి. అద్దాన్ని కాస్త దూరంలో, ఎండ ఉన్నచోట, రాయికి ఓ పక్కగా పట్టుకోవాలి. దాన్ని మెల్లగా తిప్పుతూ, దాదాపు రాతికి సమాంతరంగా జారేలా వెలుగును పంపాలి. ఆ ఎండపట్టీ ఏటవాలుగా పాకగానే, అప్పటిదాకా మొద్దుగా ఉన్న రాయి మీద పుర్రెకు పళ్లొస్తాయి, రెక్కలకు ఈకలొస్తాయి. చుట్టూ ఉన్న గడ్డి, చెట్లు నీడలోనే ఉండిపోతాయి కనుక రాయి ఒక్కటే చీకట్లోంచి ముందుకొచ్చినట్టు ఉంటుంది. ఎండ చెట్లకు అవతలే ఆగిపోతే రెండో అద్దం కావాలి. మొదటి అద్దం ఎండను రెండోదానికి అందిస్తే, రెండోది రాతి మీదికి మళ్లిస్తుంది.

అద్దం ఎవరైనా పట్టుకోగలరు, ఎంత వంచాలో తెలియడమే విద్య. వెలుగు మరీ అడ్డంగా వస్తే లోతైన గీతలు నల్లటి గుంటలైపోతాయి, రాతి గరుకు ఎగదన్ని చెక్కుడును మింగేస్తుంది. సూటిగా వస్తే మొదటికొస్తుంది. ఫార్బర్ ఫోటోల్లో ఆ రెండింటికీ మధ్యనున్న కోణం తప్పిందనిపించే సందర్భాలు తక్కువ. అక్షరం అడుగున ఉలి ఏ వైపు నుంచి దిగిందో కూడా చూసి చెప్పవచ్చు. కెమెరాను రాతి నడిమి ఎత్తుకు దించి తీశాడు కాబట్టి రాయి వెనక్కి వాలినట్టు, పైభాగం సన్నబడినట్టు రాదు. ఫోటో తీసినవాడి ప్రతాపం ఎక్కడా కనిపించదు. సమాధుల తోట అనగానే పొగమంచు, కాకి, వంగిన శిలువ కోసం వెతికే వాళ్లను చూసిన కళ్లకు ఈ నిగ్రహం ఎంత హాయిగా ఉంటుందో.

నిగ్రహం ఎందుకంటే, ఫార్బర్ దంపతులకు కావలసింది చెక్కినవాడి చెయ్యి. ఆ దారి వేసింది అదే వూస్టర్‌కు చెందిన హారియట్ మెరిఫీల్డ్ ఫోర్బ్స్ (1856–1951). గాజు నెగెటివుల కెమెరా మోసుకుంటూ ఊరూరా తిరిగి, 1653 నుంచి 1800 దాకా న్యూ ఇంగ్లండులో సమాధి రాళ్లు చెక్కిన వాళ్ల మీద 1927లో పుస్తకం వేసింది. రాళ్ల మీద సంతకాలు అరుదు. అందుకని ఆమె కచేరీల్లో పడి ఉన్న ఆస్తి లెక్కలు తిరగేసింది. ఫలానా మనిషి పోయాక అతని ఆస్తిలోంచి సమాధి రాయికని ఫలానా పనివాడికి ఇంత చెల్లించారు అనే పద్దు దొరికితే, ఆ రాయి దగ్గరికెళ్లి ఫోటో తీసేది. ఒక రాయి ఖాయమైతే దాని పోలికలున్న మిగతావి దొరకబుచ్చుకోవచ్చు. బోస్టన్ పక్కనున్న చార్ల్స్‌టౌన్‌లో లామ్సన్ కుటుంబం చెక్కిన రాళ్లను అలాగే పట్టుకుంటారు. వాళ్ల పుర్రెలకు కనుబొమలుంటాయి, చివర్లు కొక్కెంలా వంగి. పుర్రెకు కనుబొమలేమిటని మనకు అనిపిస్తుంది. లామ్సన్లకు అనిపించలేదు, అదే వాళ్ల సంతకమైంది. ఆ వంపు ఫోటోలో తేలకపోతే ఈ పోల్చడమే సాగదు.

తేదీ వేసిన రాళ్లు ఇన్ని వేలు దొరకడం పురావస్తు పరిశోధకులకూ పంట పండించింది. రెక్కల పుర్రె పోయి రెక్కల పసిముఖం, అదీ పోయి కలశమూ విల్లో చెట్టూ ఎప్పుడెప్పుడు వచ్చాయో జేమ్స్ డీట్జ్, ఎడ్విన్ డెత్లెఫ్‌సెన్ 1960ల్లో లెక్కగట్టారు.

సంతకాల మాట వచ్చింది కనుక న్యూపోర్ట్ సంగతి చెప్పాలి. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ఆ రేవు పట్టణంలో, నల్లవాళ్లను పాతిపెట్టిన గాడ్స్ లిటిల్ ఏకర్ అనే చోట, కఫీ గిబ్స్ అనే అతని రాయి ఉంది. 1768 డిసెంబరులో, 40 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఈ రాయి చెక్కింది అతని అన్నదమ్ముడు పాంప్ స్టీవెన్స్ అని ఆ రాతి మీదే ఉంది. పాంప్ బానిస. జాన్ స్టీవెన్స్ 1705లో పెట్టిన రాతిపని దుకాణం తాలూకు కుటుంబం దగ్గర పని నేర్చాడు. చుట్టుపక్కల స్వేచ్ఛగా బతికిన పనివాళ్లలో చాలామంది పేరు వేసుకోని రోజుల్లో అతను వేసుకున్నాడు. సమాధి రాళ్ల మీద నేను చదివిన పంక్తుల్లో దీన్ని మించినది లేదు.

రాతిని ఫోటో తీయడమే ఎందుకు, కాగితం పరచి మైనపు కడ్డీతో రుద్దితే సరిపోదా అనవచ్చు. అమెరికాలో ఒకప్పుడు అదే పెద్ద సరదా. మన శాసనాలకూ తడికాగితం అద్ది, కుంచెతో కొట్టి, సిరా పూసి అచ్చు తీస్తారు. కానీ అది నేర్చినవాళ్ల పని, గట్టి బండల మీద సాగుతుంది. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది, లోపల బోలుపోయిన రాయి రుద్దితే పెచ్చులూడుతుంది. చాలా పాత తోటల్లో ఇప్పుడు రుద్దడం నిషేధం. అక్షరాలు తేలాలని సుద్దపొడి, గడ్డం నురగ పూసేవాళ్లూ ఉన్నారు, అదింకా హాని. అద్దం రాతిని తాకదు. నాచు మరీ అడ్డమైతే నీళ్లు, మెత్తటి కుంచె చాలు, ఇనుప బ్రష్షు మాత్రం వద్దు.

ఫార్బర్ పనిలో నాకు వెలితిగా తోచేది ఒకటుంది. రాయిని అంచుల దాకా కత్తిరించి చూపించడంతో దాని పక్కన ఎవరున్నారో, భార్య రాయి ఎంత దూరమో తెలియదు. అన్నీ మ్యూజియం వస్తువుల్లా కనిపిస్తాయి. అయినా వూస్టర్‌లోని అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ దగ్గరున్న ఆ సేకరణ ముందు ఈ ఫిర్యాదు చిన్నది. 9,000కు పైగా రాళ్లవి 13,500కు పైగా ఫోటోలు, వాటిలో ఫోర్బ్స్ తీసినవీ కలిసే ఉన్నాయి.

మన బందరులోనూ డచ్చివాళ్ల సమాధుల మీద వంశ చిహ్నాలు, డచ్చి అక్షరాలు ఉన్నాయి. అక్కడివి పడుకోబెట్టిన బండలు కనుక అద్దంతో అంత అవసరం రాదు; పొద్దు పొడిచిన కాసేపటి దాకా సూర్యుడే ఏటవాలుగా కాస్తాడు. కాకపోతే కెమెరా బండకు సరిగ్గా పైన ఉండాలి, అంటే ఎత్తు పీట మోసుకెళ్లాలి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్ల కెమెరా స్టాండు పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి.