నాన్న తీసుకోని బాప్తిస్మం, చెంచయ్యగారి పుస్తకం

మా నాన్న పోయిన నెలకి మార్కమ్‌లో మా ఇంట్లోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ఫిబ్రవరి. గుమ్మం దగ్గర ముప్ఫై జతల మంచు బూట్లు. పాటలయ్యాయి, వాక్యం అయింది, పులిహోరా కోడికూరా అయ్యాయి. వెళ్ళబోతూ సంఘంలో పెద్దాయన ఒకరు నన్ను పక్కకి పిలిచి, "నాన్నగారు బాప్తిస్మం తీసుకున్నారా బాబూ?" అని అడిగారు. లేదండీ అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా నా భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా నొక్కారు. మంచి మనిషే. కానీ ఆ నొక్కడంలో తీర్పు ఉంది. మెట్ల మీద కూర్చున్న మా అమ్మాయి అది చూసింది. రాత్రి గిన్నెలు సర్దుతూ, "అయితే తాతయ్య పరలోకంలో లేరా నాన్నా?" అంది.

పుట్టుకతో వచ్చిన నమ్మకాలని మనం పాత సూట్‌కేసుల్లాగా బేస్‌మెంట్‌లో పెట్టుకుంటాం. ఎవరో అడిగేదాకా తెరవం. నేను తెరవడానికి పాండిపెద్ది చెంచయ్య గారి వ్యాసం కారణమైంది. తెలుగు సాహిత్యం మీద ఆసక్తి ఉన్నవాళ్ళలో కొందరికి ఈ పేరు తెలిసే ఉంటుంది. రాజా భుజంగరావు గారితో కలిసి 1928లో ఇంగ్లీషులో తెలుగు సాహిత్య చరిత్ర రాసినాయన. నాకూ అంతవరకే తెలుసు. ఆయనే 1938లో మద్రాసులో అచ్చయిన 'రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా' అనే వ్యాస సంకలనానికి ప్రాణం అని తరవాతెప్పుడో తెలిసింది. లైబ్రరీ ద్వారా తెప్పించుకుంటే మూడు వారాలకి వచ్చింది.

చెంచయ్య గారు 1886లో నెల్లూరులో పుట్టారు. చిన్నతనంలో తండ్రితోపాటు క్రైస్తవంలోకి వచ్చారు. వకీలు. పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. 1938 డిసెంబరులో తాంబరంలో ప్రపంచ మిషనరీల మహాసభ జరగబోతోంది. దానికోసం డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ ఒక పెద్ద పుస్తకం రాశాడు. దైవ ప్రత్యక్షత క్రీస్తులోనే ఉంది, మిగతా మతాలకీ దానికీ మధ్య వంతెన లేదు అన్నది అందులో సారాంశం. మా వాళ్ళ గురించి మాకు చెప్పడానికి నువ్వెవరు అన్నట్టుగా చెంచయ్య గారూ, ఆయన బంధువు చక్కరై గారూ, మరికొందరూ కలిసి జవాబు రాశారు.

ఆ జవాబులో వకీలు గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. పొట్టి వాక్యాలు, ఎదుటివాడి మాటనే తిప్పి కొట్టడం. ఆయన వాదన నా మాటల్లో చెప్తాను. యేసు వచ్చింది ఒక మతాన్ని స్థాపించడానికి కాదు, దేవుని రాజ్యాన్ని గురించి చెప్పడానికి. సంఘం అనేది ఆ తరవాత మనుషులు కట్టుకున్న ఏర్పాటు. మనకి కావలసింది సంఘం చేతిలోంచి వచ్చిన సిద్ధాంతం కాదు, ఏ అడ్డూ లేకుండా క్రీస్తే. ఇక రక్షణ అంటే పాపాల అప్పుచీటీ చింపెయ్యడం కాదు. సృష్టిలో క్రీస్తుతో ఒక కొత్త మనిషి మొదలయ్యాడు, పరిశుద్ధాత్మ అన్నది ఆ కొత్త శక్తి, దాన్ని అందుకుని మనం అలాంటి మనుషులం కావడమే రక్షణ.

ఈ చివరి మాట దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. చిన్నప్పటినుంచీ నేను విన్న సువార్త అంతా కోర్టు భాషలోనే ఉంది. మనం ముద్దాయిలం, దేవుడు జడ్జి, యేసు మన జరిమానా కట్టాడు, బాప్తిస్మం దానికి రశీదు. రశీదు లేని మా నాన్న సంగతేమిటి అన్నదే ఆ పెద్దాయన ప్రశ్న. విచిత్రం ఏమిటంటే, అసలు జడ్జిగా పనిచేసిన మనిషి ఈ కోర్టు భాష వద్దన్నాడు.

ఇంకో విచిత్రం ఉంది. మా వైపు, అంటే కాకినాడ, పిఠాపురం ప్రాంతాలకి, ఈ విశ్వాసం వచ్చింది కెనడా నుంచే. తామస్ గాబ్రియేలు అనే తెలుగాయన అప్పటికే మొదలుపెట్టిన పనికి చేయూతగా జాన్ మెక్‌లారిన్ 1874లో కాకినాడ వచ్చాడు. అదే కెనడియన్ బాప్తిస్టు మిషను. పైగా బాప్తిస్టుల సిద్ధాంతం ప్రకారమే చూసినా బాప్తిస్మం రక్షణకి గుర్తు మాత్రమే, కారణం కాదు. సిలువ మీద దొంగకి బాప్తిస్మం ఎవరిచ్చారు? గుర్తు కాస్తా టిక్కెట్టుగా మారింది మన చేతుల్లోనే. ఆ టిక్కెట్టుని మళ్ళీ కెనడాకి మోసుకొచ్చాం.

ఇంతవరకూ చెంచయ్య గారితో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, హిందూ మతాన్ని నేటి క్రైస్తవుడు ఆధ్యాత్మిక మాతగా చూస్తాడన్న చోట. వెనకటివాళ్ళు దాన్ని అసహ్యించుకుని వచ్చారు, ఇప్పటివాళ్ళకి ఆ ద్వేషం అక్కర్లేదు అంటారాయన. ఆయన ఉద్దేశం గొప్పదే. కానీ ఎవరి తల్లి? ఆ పుస్తకం వచ్చిన మూడేళ్ళకి, 1941లో, గుర్రం జాషువ 'గబ్బిలం' రాశారు. అందులో అరుంధతీ సుతుడు కాశీ విశ్వనాథుడికి తన మొర చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. ఎందుకంటే గుడిలోకి గబ్బిలం వెళ్ళగలదు, అతను వెళ్ళలేడు. గుమ్మం ఎక్కనివ్వని తల్లిని తల్లి అనమంటే మా తాత ఏమనేవాడో నాకు తెలుసు. ఇక్కడ అచ్చెయ్యరు.

సంఘం వద్దు, క్రీస్తు చాలు అన్నమాట కూడా ఇలాంటిదే. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెలంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. కూటికోసం కలిసినవాళ్ళని వాళ్ళని ఈరోజుకీ వెక్కిరిస్తారు. అయితే కరువు సాగినన్నాళ్ళూ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని పని ఇప్పించాడేగాని, బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు. వాళ్ళకి సంఘం అంటే సిద్ధాంతం కాదు. పక్కన కూర్చోనిచ్చిన చాప. మద్రాసు వకీలుకి సంఘం ఇరుకుగా కనిపించింది. పాలెంలో ఉన్నవాడికి అదే మొదటి విశాలమైన గది. చెంచయ్య గారి వ్యాసంలో ఈ మనిషి ఉన్నాడేమోనని వెతికాను. నాకు దొరకలేదు.

మా నాన్న ఆ గదిలోనే పెరిగారు. టీచరు. ఉద్యోగం వచ్చింది ఎస్సీ సర్టిఫికెట్ మీద. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడు. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. మన రాష్ట్రంలో మతం మార్చుకున్న ఎస్సీలకి మిగిలింది బీసీ-సి కింద ఒక్క శాతం. అందుకని ఆయన ఉద్యోగం చేసినంతకాలం ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళి చివరి బల్ల మీద కూర్చున్నారు, పాటల పుస్తకం చూడకుండా పాడారు, రొట్టె పంచేవేళకి లేచి బయట వేపచెట్టు కిందకి వెళ్ళిపోయారు. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. చర్చి రిజిస్టరులో పేరు పడకూడదు, అంతే. రిటైరయ్యాక తీసుకోవచ్చుగా అంటే, "నీ సర్టిఫికెట్లో ఏముంది?" అన్నారు. నాదీ అదే. నా చదువు అయ్యి, నేను విమానం ఎక్కేసరికి ఆయనకి వేపచెట్టు అలవాటైపోయింది. ఆయన పోయారు కాబట్టి ఇవాళ రాయగలుగుతున్నాను.

బాప్తిస్మం లేకుండా, సంఘం బయట క్రీస్తుని అనుసరించే మనిషి చెంచయ్య గారి కల. ఆ మనిషి మా ఊళ్ళో నిజంగానే ఉన్నాడు. వేదాంతం వల్ల కాదు, ఎమ్మార్వో ఆఫీసు కాగితం వల్ల. దాన్ని స్వేచ్ఛ అనలేను. ఆ వేపచెట్టు కింద ఆయనకి ఎలా ఉండేదో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

మా అమ్మాయికి మాత్రం జవాబు చెప్పాను. ఊళ్ళో మనిషి పోతే కులం చూడకుండా శవం మొయ్యడానికి మొదట వెళ్ళేది తాతయ్యే, జీతం రోజున ఇద్దరు పిల్లల ఫీజు కట్టి మిగిలింది నానమ్మ చేతిలో పెట్టేవారు, కొత్త మనిషి అని ఈ పుస్తకంలో అంటున్నది అలాంటివాళ్ళనే అని నేననుకుంటున్నాను అన్నాను. "అనుకుంటున్నావా, తెలుసా?" అంది. అనుకుంటున్నాను అన్నాను.

అదంతా ఫోన్లో చెప్తే మా అమ్మ విసుక్కుంది. ఆయన ఎక్కడున్నారో చెప్పడానికి పుస్తకాలు కావాలా అంది. తను మాత్రం పెళ్ళయిన రెండో ఏడే కాలవలో బాప్తిస్మం తీసుకుంది. ఉద్యోగం లేని మనిషి కాబట్టి ఆవిడకి అడ్డు లేకపోయింది.

పెద్దాయనకి ఆ వ్యాసం జెరాక్స్ తీసి ఇచ్చాను. ఈస్టరు రోజున కలిసినప్పుడు సగం చదివానన్నారు. ఆ మనిషి వాదన తప్పే గాని ఇంగ్లీషు బాగుంది అన్నారు. కాసేపాగి, తన సర్టిఫికెట్లో కూడా హిందూ అనే ఉందని చెప్పారు.