జాబ్ కార్డులో మీ మాటే ఉండాలి

బండి పూర్తిగా ఆగిపోతే ఒక విధంగా నయం. మెకానిక్ బానెట్ ఎత్తుతాడు, విప్పుతాడు, పాడైన భాగం బయటపడుతుంది. మనిషిని నెలల తరబడి సతాయించేది వచ్చి పోయే లోపం. ఎత్తు ఎక్కేటప్పుడు కనిపిస్తుంది, సర్వీస్ సెంటర్ ముందు నిలబెడితే మాయమవుతుంది. అప్పుడు ఓనరు చెప్పే మాట ఒకటి, డీలరు కళ్ల ముందున్న బండి ఇంకొకటి అవుతాయి. ఈ తగాదాలో కోపం పనికిరాదు, పలుకుబడి కూడా అంతంత మాత్రమే. పనికొచ్చేది ఒక నేర్పు. లోపాన్ని గమనించి, చదివినవాడు దాన్ని మళ్లీ తెప్పించి చూడగలిగేంత వివరంగా కాగితం మీద పెట్టాలి. దీన్ని నేను ఒక విద్యగానే చూస్తాను. ఎవరైనా నేర్చుకోగల విద్య.

మా డీజిల్ కారుకి వచ్చింది ఇలాంటి రోగమే. కోలారు బంగారు గనుల ఊళ్లో మేముండే కోరమండల్ నుంచి రాబర్ట్‌సన్‌పేట బజారుకి, బంగారపేట స్టేషనుకి, కోలారుకి ఎంత తిరిగినా ఏ ఇబ్బందీ లేదు. తిరుపతి వెళ్లి వస్తూ, చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం, కారు నిండా మనుషులూ సామానూ ఉంటే, బండి లాగడం మానేసేది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా పికప్ లేదు. చెక్ ఇంజిన్ లైటు వెలిగేది. వెనక లారీలు హారన్లు కొడుతుంటే ఎలాగో పక్కకి తీసి, ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడిచేది. ఘాట్ రోడ్డు మలుపులో కారు ఉన్నట్టుండి మెత్తబడితే లోపల కూర్చున్న ముసలివాళ్లూ పిల్లలూ ఎంత భయపడతారో అనుభవించినవాళ్లకే తెలుసు. అందుకే దీన్ని చిన్న విషయంగా నేను ఎప్పుడూ అనుకోలేదు.

బండి డీలరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ జవాబు ఒకటే. "స్కాన్ చేశాం సార్, కోడ్ క్లియర్ చేశాం. టెస్ట్ డ్రైవ్ కూడా చూశాం. బండి బాగుంది." తర్వాతి ప్రశ్న కూడా ఒకటే. "డీజిల్ ఎక్కడ పోయిస్తారు సార్?"

ఆ సర్వీస్ అడ్వైజర్ చెడ్డవాడు కాడు. అతని చేతిలో ఆ పూట చూడాల్సిన బళ్లు చాలా ఉంటాయి. వారంటీ పనికి డీలరుకి డబ్బిచ్చేది కంపెనీ. ఏ భాగం మార్చడానికి ఎంత సేపని కంపెనీ ముందే లెక్క కట్టి ఉంటుంది. ఇంకా ఏదో తెలియని లోపాన్ని వెతకడానికి పట్టే గంటలకి ఆ లెక్కలో చోటు తక్కువ. పైగా టెస్ట్ డ్రైవ్ జరిగేది చదునైన రోడ్డు మీద, కారులో ఒక్కడే మనిషితో. మొగిలి ఘాట్‌లో నిండు బరువుతో వచ్చే లోపం అక్కడ ఎలా కనిపిస్తుంది?

మా వీధిలో గనిలో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. విషయం విని ఆయన మొదట అడిగింది జాబ్ కార్డు, అంటే బండి అప్పగించేటప్పుడు డీలరు మన ఫిర్యాదు రాసుకునే కాగితం. అందులో 'పికప్ తక్కువ, జనరల్ చెకప్' అని ఉంది. "ఎక్కడ మొదలైంది, ఎంత లోడు మీద, ఎంతసేపు. ఈ మూడూ రాయకపోతే మా ఫోర్మన్ పుస్తకం వెనక్కి విసిరేవాడు బాబూ" అన్నారు.

ఆ మాటకి వెనక ఈ ఊరి చరిత్ర అంతా ఉంది. కోలారు బంగారు గనులు 1880లో జాన్ టేలర్ కంపెనీ చేతికి వచ్చినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా, ఇక్కడి మనుషులు తమ ప్రాణాల్ని యంత్రాలకి అప్పగించి బతికారు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు. మనిషిని భూమిలోకి దించేదీ పైకి తెచ్చేదీ వైండింగ్ ఇంజిన్ తిప్పే తాడు. ఆ తాడుని రోజూ పరీక్షించాలి, చూసింది పుస్తకంలో రాయాలి, చూసినవాడు సంతకం పెట్టాలి అని గనుల నిబంధనలు చెబుతాయి. రాత్రి షిఫ్టువాడు చూసింది పొద్దుటి షిఫ్టువాడికి తెలియాలంటే ఆ పుస్తకం తప్ప దారి లేదు. 'తాడు బాగానే ఉంది' అని నోటిమాటగా చెప్పి వెళ్లిపోవడం అక్కడ చెల్లదు.

ఆ పద్ధతినే కారుకి పెట్టాను. ఏ గేరులో ఉండగా, ఎంత వేగంలో, కారులో ఎందరుండగా, ఇంజిన్ వేడెక్కి ఎంతసేపయ్యాక, ఏసీ వేసి ఉందా లేదా, లైటు ముందు వెలిగిందా పికప్ ముందు పోయిందా, పొగ కనిపించిందా, ఈలలాంటి చప్పుడు వినిపించిందా. ఇవన్నీ చిన్న చిన్న వాక్యాలుగా రాసుకున్నాను. పక్కన కూర్చున్నవాళ్ల చేత డాష్‌బోర్డుని ఫోన్‌లో వీడియో తీయించాను. ఆ కాగితం సర్వీస్ అడ్వైజర్ చేతికిచ్చి, ఈ వాక్యాలే జాబ్ కార్డులో ఎక్కించమన్నాను. మొదట తటపటాయించాడు. "కంప్యూటర్‌లో అంత చోటుండదు సార్" అన్నాడు. చోటు ఉంది. ఎక్కించాడు.

అప్పటి నుంచి పని నడిచే తీరు మారింది. జాబ్ కార్డులో 'నిండు బరువుతో, ఎత్తు మీద, మూడో గేరులో' అని ఉన్నాక, చదును రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ చేసి 'బాగుంది' అని రాయడం కష్టం. వర్క్స్ మేనేజర్ ఒక టెక్నీషియన్‌ని స్కానరుతో నా వెంట పంపడానికి ఒప్పుకున్నాడు. కారులో మనుషుల్ని నింపి ముళబాగిలు, నంగలి, పలమనేరు మీదుగా వెళ్లి మొగిలి ఘాట్ దిగి, మళ్లీ ఎక్కాం. సగం ఎత్తులో బండి మెత్తబడింది. ఆ కుర్రాడి ఒళ్లో ఉన్న తెర మీద రెండు గీతలు ఒకదానికొకటి దూరమయ్యాయి. ఒకటి ఇంజిన్ కంప్యూటర్ అడుగుతున్న గాలి ఒత్తిడి, రెండోది నిజంగా అందుతున్న ఒత్తిడి. "దొరికింది సార్" అన్నాడు. ఆ కుర్రాడి ముఖంలో వెలుగు చూశాక, ఇన్నాళ్లూ అతనికి కూడా ఎవరూ సరైన అవకాశం ఇవ్వలేదని అర్థమైంది.

లోపం ఒక రబ్బరు గొట్టంలో ఉంది. డీజిల్ ఇంజిన్‌లో టర్బో గాలిని ఒత్తి పంపుతుంది, ఇంటర్‌కూలర్ దాన్ని చల్లబరుస్తుంది, గొట్టం ఇంజిన్‌కి చేరుస్తుంది. ఆ గొట్టం అడుగున, మడత దగ్గర సన్నని పగులు. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఒత్తిడి ఉండదు గనుక పగులు మూసుకునే ఉంటుంది. ఎత్తులో, బరువు మీద ఒత్తిడి పెరిగినప్పుడు తెరుచుకుంటుంది, గాలి బయటికి పోతుంది. అడిగిన ఒత్తిడి అందకపోయేసరికి కంప్యూటర్ ఇంజిన్‌ని కాపాడటానికి శక్తి తగ్గించేస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కంప్యూటర్ కొత్తగా మొదలుపెడుతుంది, అందుకే కాసేపు బాగుంటుంది. గొట్టం వారంటీలో మార్చారు. ఘాట్‌లో బండి ఇప్పుడు లాగుతోంది.

ఇందులో ప్రతి ఓనరుకీ పనికొచ్చే విషయం ఒకటుంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగినప్పుడు కంప్యూటర్ ఒక కోడ్ దాచుకుంటుంది. టర్బో ఒత్తిడి చాలకపోతే పీ0299 లాంటిది. కోడ్‌తో పాటు ఆ క్షణాన వేగం ఎంత, ఇంజిన్ మీద భారం ఎంత, వేడి ఎంత అన్న వివరాలు కూడా దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ క్లియర్ చేస్తే అదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి బండి అప్పగించేటప్పుడే, క్లియర్ చేయకముందు ఆ వివరాల ప్రింటు తీసి ఇవ్వమని జాబ్ కార్డులో రాయించాలి.

డీలరు మాటలో నిజం ఉండే సందర్భాలూ ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్, ఉంటోంది. పట్టిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు ఆగకుండా హైవే మీద కొంతసేపు నడవాలి. మా ఊళ్లోనే ఆండర్సన్‌పేట నుంచి బెమెల్ గేటు దాకా, మళ్లీ ఇంటికి, ఇంతే తిరిగే బండికి ఆ అవకాశం దొరకదు. లైటు వెలుగుతుంది, ఇంజిన్ మెత్తబడుతుంది. అది తయారీ లోపం కాదు. కాని బండి అమ్మేటప్పుడే 'మీరు రోజూ ఎంత దూరం తిరుగుతారు?' అని అడిగి ఈ సంగతి చెప్పాల్సిన బాధ్యత డీలరుదే. అమ్మకం నాడు చెప్పని మాట వారంటీ నాడు చెప్పడం న్యాయం కాదు.

కల్తీ డీజిల్ మాట కూడా అంతే. నిజమైతే శాంపిల్ తీసి, పరీక్ష చేయించి, ఫలితం కాగితం మీద ఇమ్మనండి. మనవైపు బంకు బిల్లులు దాచుకోవాలి. అనుమానం ఉంటే బంకులోనే డెన్సిటీ పరీక్ష, 5 లీటర్ల కొలత పరీక్ష అడిగే హక్కు మనకుంది. ఆధారం లేకుండా నోటితో అనే కల్తీ ఆరోపణకి తల వంచనక్కర్లేదు.

డీలరు దగ్గర తేలకపోతే కంపెనీకి ఈమెయిల్ రాయాలి. ఫోన్‌లో ఎంత మాట్లాడినా, ఆ మాటల్ని అదే రోజు నాలుగు వాక్యాల్లో రాసి పంపాలి. వారంటీ ముగియకముందే లోపం రికార్డులోకి ఎక్కి ఉండటం ముఖ్యం. బండి తీసుకునేటప్పుడు 'పని తృప్తికరం' అన్న చోట సంతకం అడుగుతారు. లోపం తీరిందో లేదో తెలియనప్పుడు, 'ఘాట్‌లో నడిపి చూడాలి' అని రాసి సంతకం పెట్టండి.

ఆ తర్వాతి మెట్టు వినియోగదారుల కమిషన్. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టంలో మన జిల్లావాళ్లకి పెద్ద మేలు ఒకటుంది. కారు బెంగళూరులో కొన్నా, కొనుగోలుదారు నివాసం ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. అంటే కోలారు కమిషన్‌లో. 50 లక్షల దాకా చెల్లించి కొన్న వస్తువు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. సమస్య తలెత్తిన 2 ఏళ్లలోపు వెళ్లాలి. డీలరుని, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి, ఎందుకంటే ఒకరు ఇంకొకరి మీదకి నెట్టుకోవడం మామూలే. ముందుగా సలహా కావాలంటే 1915కి ఫోన్ చేయొచ్చు.

అక్కడ కూడా నిలిచేది కాగితమే. 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతుల్లో ఉన్నది పాడైన భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం గనుక మొత్తం కారునే మార్చమనడం కుదరదంది. 2010లో ఫియట్ కేసులో ఫిర్యాదు ఇంజిన్ చప్పుడు గురించే. బండిని స్వతంత్ర నిపుణుడు పరీక్షించాలనీ, తయారీ లోపం తేలితే డబ్బు వడ్డీతో వెనక్కివ్వాలనీ కోర్టు చెప్పింది. అంటే తీర్పు నిపుణుడి నివేదిక మీద, ఆ నివేదిక మన జాబ్ కార్డుల వరస మీద ఆధారపడతాయి.

ఆలస్యం ఎంత బరువైందో మన తెలుగు నేల మీది కేసే చెబుతుంది. 2009 సెప్టెంబర్‌లో ఒక సంస్థ కొన్న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొద్ది రోజులకే మొరాయించింది, నవంబర్‌లో మళ్లీ. మోసం కేసు పెట్టారు. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ క్రిమినల్ కేసు కొట్టేస్తూనే కొత్త కారు ఇమ్మంది. వివాదం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2024 జులైలో, కంపెనీ 50 లక్షలు చెల్లించి ముగించాలని తీర్పు వచ్చింది. దాదాపు 15 ఏళ్లు. అంత కాలం కోర్టుల చుట్టూ తిరగగల స్తోమత మనలో ఎందరికుంది? అందుకే కోర్టు దాకా వెళ్లకుండా వర్క్‌షాపులోనే తేల్చుకోగల నేర్పు మనకి అంత అవసరం.

మన ఫిర్యాదు మన ఒక్కరి కోసమే కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 110ఏ సెక్షన్ ప్రకారం, ఒకే మోడల్‌లో భద్రతా లోపం మీద తగినన్ని ఫిర్యాదులు వస్తే బళ్లని వెనక్కి పిలిపించమని ప్రభుత్వం కంపెనీని ఆదేశించగలదు. 2021 ఏప్రిల్ నుంచి, 7 ఏళ్లలోపు బళ్లకి ఇది అమల్లో ఉంది. రాయని ఫిర్యాదు ఆ లెక్కలోకి రాదు.

డీలర్లకి ఒక విన్నపం. ఓనరు చెప్పింది ఓనరు మాటల్లోనే రాయండి, ఒక్కసారి అతని పక్కన కూర్చుని అతని రోడ్డు మీదే నడిపి చూడండి. పాఠకులకి ఒకటే మాట. ఈసారి బండి సర్వీసుకి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవండి. మీరు చెప్పింది అందులో లేకపోతే రాయించండి, రాశాకే సంతకం పెట్టండి, ఒక నకలు ఇంటికి తెచ్చుకోండి.