భయపెట్టాక ఏం చెప్పాలి?

కిడ్నీ జబ్బు మీద కరపత్రం రాయమని వచ్చేవాళ్లు నాతో ముందు అనే మాట ఒకటే: "కాస్త భయపడేలా రాయండి." శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి భయం ఎవరు నేర్పాలి? కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో డయాలసిస్ సంగతి చిన్నపిల్లలకీ తెలుసు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. తుపానుకో రోజుంటుంది, వేళుంటుంది, తలదాచుకునే చోటుంటుంది. కబురు రాగానే జనం కదులుతారు. ఈ జబ్బుకు అవేవీ లేవు. కిడ్నీలు చాలావరకు పాడయ్యేదాకా ఒంట్లో తేడా తెలియదు. నీళ్లా, పురుగుమందులా, ఎండలో చాకిరీయా? ఏళ్లుగా వెతుకుతున్నా ఇదీ కారణమని తేలలేదు. తలుచుకుంటేనే గుండె జారేవి, అంతుపట్టనివి మనుషుల్ని ఎక్కువగా బెదరగొడతాయని మనస్తత్వవేత్త పాల్ స్లోవిక్ 1987లో రాశాడు. ఇక్కడ రెండూ ఒకే జబ్బులో ఉన్నాయి.

బెదిరిన మనిషికి చేసే పనేదీ కనబడకపోతే జబ్బు మాట వినడమే మానేస్తాడు. జీడితోటలో ఓ పెద్దాయన అన్నాడు: "పరీక్ష సేయించుకుంటే ఏటొస్తాది బాబూ? ఉన్న నిద్ర పోతాది." దీన్ని అజ్ఞానమంటే నేనొప్పుకోను. ఆయన లెక్క ఆయనకుంది.

1965లో అమెరికాలోని యేల్‌లో హోవర్డ్ లెవెంథాల్ బృందం విద్యార్థులకు ధనుర్వాతం గురించి కరపత్రాలు పంచింది. కొన్ని బాగా భయపెట్టేవి, కొన్ని అంతగా భయపెట్టనివి. భయం ఒక్కటే అయితే ఏ రకమైనా టీకాకు వెళ్లినవాళ్లు 3 శాతమే. ఆరోగ్య కేంద్రం గుర్తుపెట్టిన మ్యాపు, టీకా వేళలు ఇచ్చి, ఎప్పుడు వెళ్తావో ఇప్పుడే అనుకోమన్నాక 28 శాతం దాకా వెళ్లారు.

అందుకే నా కరపత్రంలో పుర్రె బొమ్మ ఉండదు. ఏ రోజు, ఏ బడి దగ్గర, రక్తం ఎవరు తీస్తారు, రిపోర్టు ఎప్పుడొస్తుంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువుంటే 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన 200 పడకల ఆసుపత్రికి వెంట ఎవరొస్తారు? ఇవే ఉంటాయి. చూడ్డానికి బస్సుల టైంటేబుల్లా ఉందని వెక్కిరించినవాళ్లున్నారు. ఉండనీండి.

అదీ చాలని ఇళ్లున్నాయి. "పిల్లకి సంబంధాలు సూత్తన్నాం, ఇప్పుడొద్దమ్మా" అని ఆశా కార్యకర్తను గుమ్మంలోంచే పంపేస్తారు. ఉద్దానంతో వియ్యమందడానికి బయటివాళ్లు వెనకాడే రోజుల్లో ఆ తల్లి భయం ఒంటిగురించి కాదు, ఊళ్లో మాట గురించి. ఆ ఇంటికి ఒంటరిగా వెళ్లి బతిమాలి లాభం లేదు. వీధంతా ఒకే పూట పరీక్షకు వరసలో నిలబడితే ఎవరూ ఎవరి వైపూ వేలు చూపలేరు.

కరపత్రం అసలే చేరని చోటు మందుల కొట్టు. రోజంతా కొబ్బరిచెట్లు ఎక్కి దిగిన మనిషి సాయంత్రం నొప్పి బిళ్లలకు అక్కడికే వెళ్తాడు. అవి అదేపనిగా మింగితే కిడ్నీలకు చేటని నేను గోడ మీద రాయొచ్చు. కానీ అతను నమ్మేది గోడను కాదు, కొట్టతన్ని. మా శిక్షణ తరగతులకు పిలిచేవాళ్ల జాబితాలో ఆ కొట్టతని పేరు ఇంతవరకు చూడలేదు.