గుర్తుల్లేని దారి: స్కాట్లాండ్ చిత్తడి కొండల్లో నడక విద్య

స్కాట్లాండ్ పడమటి కొండల్లోని ఫోర్ట్ విలియం అనే ఊళ్లో బయల్దేరి ఉత్తరానికి నడుచుకుంటూ పోతే, బ్రిటన్ ప్రధాన భూభాగానికి వాయవ్య కొసన ఉన్న కేప్ రాత్ చేరుకుంటాం. ఎంచుకున్న లోయలను బట్టి 320 నుంచి 370 కిలోమీటర్ల దూరం. రెండు మూడు వారాల నడక. కేప్ రాత్ ట్రెయిల్ అని దీనికి పేరు. ప్రభుత్వం గుర్తించిన నడకదారుల జాబితాలో ఇది లేదు. ఈ దారి పేరుతో ఒక బాణం గుర్తు గాని, రాతి మీద రంగు చార గాని ఎక్కడా ఉండవు. చాలాచోట్ల కాలిబాటే ఉండదు. 1990లలో డేవిడ్ ప్యాటర్సన్ అనే ఛాయాగ్రాహకుడు దీనిమీద పుస్తకం వేశాక పేరు నిలబడింది గాని, ఈనాటికీ ఏ ఇద్దరూ అచ్చంగా ఒకే చోట అడుగులు వేస్తూ వెళ్లరు. ఎవరి దారి వాళ్లు పటం మీద గీసుకుని, నేల మీద దిద్దుకుంటూ పోవాల్సిందే.

ఆ దిద్దుకోవడమే ఒక విద్య. గొర్రెల కాపరులు, జింకల వేటకు దారి చూపే గిల్లీలు, పశువులను సంతలకు తోలుకెళ్లే డ్రోవర్లు, ఆ తర్వాత పట్టణాల నుంచి వచ్చిన నడక ప్రియులు తరతరాలుగా కూడబెట్టిన విద్య. ఎత్తైన శిఖరాలు ఎక్కినవాళ్ల గురించి మనం చాలా చదువుతాం. బురదలో నడవడం నేర్చినవాళ్లకు ఆ గౌరవం దక్కలేదు. దక్కాలని నా కోరిక.

ముందు ఆ నేల సంగతి. హైదరాబాదులో ఏడాదికి కురిసే వాన 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఈ దారి దాటే నాయ్‌డార్ట్ ప్రాంతపు కొండల్లో అది 3000 దాటుతుంది. కింద ఉన్నది నీటిని పీల్చుకోని పాత రాయి. ఎండ తక్కువ, చలి ఎక్కువ. కురిసిన నీరు ఇంకదు, ఆవిరి కాదు. అలాంటి చోట స్ఫాగ్నం అనే నాచు రాజ్యమేలుతుంది. తన బరువుకు ఇరవై రెట్ల దాకా నీటిని పట్టి ఉంచగల మొక్క అది. తన చుట్టూ ఉన్న నీటిని అదే పులిసినట్టు ఆమ్లంగా మారుస్తుంది. ఆ నీటిలో గాలి ఆడదు కాబట్టి చచ్చిన మొక్కలు కుళ్లిపోకుండా పొరలు పొరలుగా పేరుకుంటాయి. దాన్నే పీట్ అంటారు. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని లెక్క. అంటే మీ కాలు మీటరు లోతుకు దిగిందంటే వెయ్యేళ్ల కిందటి గడ్డిని తాకిందన్నమాట. మన వైపు దమ్ము చేసిన మడిలో దిగితే పిక్కల లోతులో గట్టి నేల తగులుతుంది. పీట్‌లో ఆ భరోసా లేదు; ఒక చోట చీలమండ దాకా, రెండడుగుల అవతల నడుము దాకా.

మరి ఎక్కడ కాలు పెట్టాలి? మొక్కలే చెబుతాయి. ఈ విద్యలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్నది ఇదే. కంటికి ఇంపుగా, నిమ్మపచ్చ రంగులో, నున్నగా పరుచుకున్న నాచు కనబడితే అది పచ్చిక కాదు, నీటి మీద తేలుతున్న పొర. చుట్టూ తిరిగి పోవాలి. అదే నాచు ఎర్రగానో ముదురు గోధుమ రంగులోనో చిన్న గుట్టగా ఉబ్బి ఉంటే కాస్త నయం, గబగబా ఒక అడుగు వేసి దాటవచ్చు. తెల్లని దూది కుచ్చులు తలలూపే కాటన్ గ్రాస్ ఉన్నచోట తడి పీట్ ఉందని అర్థం. తుంగ జాతి మొక్కలు గుంపుగా ఉన్నచోట నీళ్లు నిలుస్తాయి గాని అడుగున మట్టి కొంత గట్టిది. దుబ్బు మొదట్లో కాలు వేస్తే మోస్తుంది. ఊదా పూల హెదర్ పొదలు ఒత్తుగా ఉన్నాయంటే నేల ఆరి ఉంది. బ్రాకెన్ అనే పెద్ద ఫెర్న్ పెరిగిన వాలు ఇంకా పొడి; కాకపోతే గొర్రెలకూ జింకలకూ పట్టే పిడుదులు అక్కడే కాచుకుని ఉంటాయి. వాటి కాటుతో లైమ్ వ్యాధి రావచ్చు కాబట్టి రాత్రి గుడారంలో కాళ్లు తడిమి చూసుకోవడం తప్పనిసరి.

మొక్కల తర్వాత నేల ఆకారం. హిమానీనదాలు కరిగిపోతూ వదిలిన రాళ్లూ గులకరాళ్ల గుట్టలు లోయల అడుగున వరుసగా ఉంటాయి. వాటి నడినెత్తి మీదుగా ఒకదాన్నుంచి ఒకదానికి నడిస్తే నీరు కిందకి జారిపోయిన నేల దొరుకుతుంది. వాగు ఒడ్డున ఇసుకా గులకా ఉన్న అంచు కూడా అంతే. జింకల బాటలను గమనించడం మరో పాఠం. ఎర్రజింకల మంద ఎత్తు కోల్పోకుండా, వాలు పొడవునా ఒకే మట్టంలో సన్నని గీత వేసుకుంటూ పోతుంది. బరువైన జంతువు రోజూ నడిచిన గీత మనిషినీ మోస్తుంది. అది మన దిక్కుకు పోతున్నంతసేపు దాన్ని పట్టుకుని, పక్కకు మళ్లగానే మొహమాటం లేకుండా వదిలేయాలి. పీట్ కోసుకుపోయి నల్లటి గోడల్లా నిలబడ్డ చోట్ల మాత్రం ఈ సూత్రాలేవీ పనిచేయవు. ఒక గుంతలో దిగడం, గోడ ఎక్కడం, మళ్లీ దిగడం. గంటకు ఒక కిలోమీటరు నడిస్తే గొప్ప.

అనుభవం ఉన్నవాళ్లు అడుగు వేసేముందు ఊతకర్రతో పొడిచి చూస్తారు. కర్ర తేలిగ్గా దిగబడితే కాలూ దిగుతుంది. పొరపాటున తొడ దాకా దిగితే గుంజుకోకూడదు, గుంజినకొద్దీ బిగుసుకుంటుంది. వీపు సంచి విప్పి పక్కన పడేసి, వెనక్కు వాలి, బరువును వెడల్పుగా పరిచి, కాలును కొంచెం కొంచెంగా కదిలిస్తూ ఆ సందులోకి నీరు చేరనిస్తే పట్టు వదులుతుంది.

ఇక పాదాలు. ఈ దారిలో పాదాలు తడవకుండా ఉంచుకోవాలనుకోవడం వృథా ప్రయాస. నీరు చొరని ఖరీదైన బూట్లు వేసుకున్నా, మొదటి రోజు మధ్యాహ్నానికి పైనుంచి నీరు దిగుతుంది. అప్పుడు ఆ బూటే నీరు బయటకు పోనివ్వని కుండ అవుతుంది. అందుకే చాలామంది ఇప్పుడు జాలీ ఉన్న తేలికపాటి బూట్లు, ఉన్ని మేజోళ్లు వేసుకుంటారు. తోలు బూట్లే చీలమండను కాపాడతాయనే పాతకాపులూ ఉన్నారు, ఆ వాదన ఇంకా తెగలేదు. అందరూ ఒప్పుకునే కట్టుబాటు మాత్రం ఒకటుంది. ఒక జత పొడి మేజోళ్లను నీరు చొరని సంచిలో మూటగట్టి, పడుకునేటప్పుడు తప్ప తీయకూడదు. తెల్లారి లేచాక నిన్నటి తడి మేజోళ్లే చల్లగా తొడుక్కుని బయల్దేరాలి. వినడానికి చిన్న విషయం. రెండోవారంలో పాదాలు చీలిపోకుండా నడక పూర్తి చేయించేది ఈ చిన్న క్రమశిక్షణే.

బురద విసిగిస్తుంది, వాగులు ప్రాణం తీస్తాయి. పొద్దున మోకాలి లోతున్న వాగు నాలుగు గంటల వానకు మనిషిని ఈడ్చుకుపోయే ఏరు అవుతుంది. వాన ఆగితే అంతే వేగంగా తగ్గుతుంది. అందుకని ఇక్కడి మొదటి సూత్రం ఆగడం. ఆన్ టెల్లఖ్ కొండ కింద షెనవాల్ అనే చోట ఒకదాని తర్వాత ఒకటి రెండు ఏర్లు దాటాలి, వాటి మధ్య చదునైన చిత్తడి. నీరు పొంగితే అక్కడ ఒక పూటో ఒక రోజో కూర్చోవలసిందే. అలా కూర్చోవడానికి సరిపడా తిండి సంచిలో ఉంచుకోవడం కూడా విద్యలో భాగమే. దాటక తప్పదంటే, ఏరు వెడల్పై పాయలుగా చీలిన చోటు వెతకాలి. లేదా రెండు వాగులు కలిసే చోటికి పైకి పోయి విడివిడిగా దాటాలి. కింద జలపాతమో బండల ఇరుకో ఉంటే ఆ ఊసే వద్దు. సంచి నడుము పట్టీ విప్పేయాలి, పడితే వదిలించుకోవడానికి. బూట్లు విప్పకూడదు. ఎగువకు ముఖం పెట్టి, కర్రను మూడో కాలుగా నాటి, ఒక్కొక్కటే కదుపుతూ అడ్డంగా జరగాలి.

పటం, దిక్సూచి సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. పొగమంచు దిగితే పది అడుగుల అవతల ఏమీ కనబడదు. ఫోను దారి చూపుతుంది నిజమే, కాని తడిచిన తెర వేలి మాట వినదు, చలికి బ్యాటరీ నీరసిస్తుంది. పాత పద్ధతిలో ఒక చక్కని ఉపాయం ఉంది. వాగు మీద వంతెన చేరాలనుకోండి, సూటిగా దానికే గురిపెడితే చిన్న తేడాతో తప్పిపోయి, వంతెన కుడివైపుందో ఎడమవైపుందో తెలియక నిలబడతాం. అందుకని కావాలనే కొంత ఎడమకు గురిపెట్టి నడుస్తారు. వాగు తగలగానే కుడికి తిరిగితే వంతెన దొరికి తీరుతుంది. కాలం లెక్కకు విలియం నైస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ నడుస్తోంది: మూడు మైళ్లకు ఒక గంట, ప్రతి రెండువేల అడుగుల ఎక్కుడుకు మరో గంట. చిత్తడి నేలలో ఆ లెక్కను రెట్టింపు చేసుకోవడం మంచిది.

ఈ కొండల్లో రాత్రి తలదాచుకోవడానికి బోథీలుంటాయి. ఒకటి రెండు గదుల రాతి ఇళ్లు. తాళం ఉండదు, అద్దె ఉండదు, ముందుగా చెప్పుకోవడం ఉండదు. మంచం, కరెంటు, మరుగుదొడ్డి కూడా సాధారణంగా ఉండవు. గోడకు ఆనించిన ఒక పార ఉంటుంది, దేనికో చెప్పక్కర్లేదు. 1965లో పుట్టిన మౌంటెన్ బోథీస్ అసోసియేషన్ స్వచ్ఛంద సేవకుల చేత వంద దాకా ఇళ్లకు కప్పు వేయించి, తలుపులు బాగుచేయించి నిలబెడుతోంది. వాటిలో చాలావరకు భూస్వాములవే; వాడుకునే హక్కు మర్యాద మీద ఆధారపడి ఉంది. ముందు వచ్చినవాడు వెనక వచ్చినవాడికి చోటివ్వాలి, చెత్త మోసుకుపోవాలి, ఆరుగురూ అంతకు మించిన గుంపులు అక్కడ దిగకూడదు. కావలివాడు లేకుండా అరవై ఏళ్లుగా ఈ పద్ధతి నిలిచిందంటే నాకు నిజంగా ఆశ్చర్యం, సంతోషం.

ఆ ఇళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయో కూడా తెలుసుకోవాలి. 18వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం మధ్య దాకా భూస్వాములు గొర్రెల పెంపకం లాభమని ఈ లోయల్లోని గేలిక్ రైతు కుటుంబాలను వెళ్లగొట్టారు. ఎందరో ఓడలెక్కి కెనడాకు పోయారు. ఆ తర్వాత గొర్రెల స్థానంలో వేట జింకలు వచ్చాయి. నిర్మానుష్యమని మనం మెచ్చుకునే ఈ ప్రకృతి చాలా మేరకు మనుషులను తరిమేయగా మిగిలినది. లోయలో పచ్చగా, పొడిగా ఉన్న చదును కనబడితే, పక్కనే కూలిన రాతిగోడ కోసం చూడండి. ఒకప్పటి పొలం అది. నడిచేవాడికి గుడారం వేసుకునే మంచి చోటు దొరికేది కూడా అక్కడే. కేప్ రాత్‌కు దగ్గర్లోని స్ట్రాత్‌హాలియఖ్ బోథీలో జేమ్స్ మెక్‌రోరీ స్మిత్ అనే ఆయన పీట్ తవ్వి మంట వేసుకుంటూ, కరెంటు లేకుండా మూడు దశాబ్దాలకు పైగా ఒంటరిగా బతికాడు. గోడల మీద ఆయన వేసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి.

వెళ్లగొట్టినవాళ్లే నడిచేవాళ్లకూ అడ్డుపడ్డారు. 1847లో ఎడింబరా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ఆచార్యుడు జాన్ హటన్ బాల్ఫర్ శిష్యులతో మొక్కలు పరిశీలిస్తూ గ్లెన్ టిల్ట్ లోయ గుండా వస్తుంటే, అథోల్ డ్యూక్ తన గిల్లీలతో ఎదురు నిలిచాడు. వాళ్లు గోడ దూకి పోయారు. వ్యవహారం కోర్టుకెక్కి, ఆ దారి ప్రజలదేనని తేలింది. 1884లో జేమ్స్ బ్రైస్ కొండల్లో తిరిగే హక్కు కోసం పార్లమెంటులో బిల్లు పెట్టాడు, నెగ్గలేదు. చివరకు 2003 నాటి స్కాట్లాండ్ భూ సంస్కరణ చట్టం, బాధ్యతగా మసలుకునే ఎవరికైనా దాదాపు అన్ని నేలల మీదా నడిచే, గుడారం వేసుకునే హక్కునిచ్చింది. గుర్తుల్లేని దారి సాధ్యమైంది ఈ హక్కు వల్లే. ఏ గీత మీదైనా నడిచే స్వేచ్ఛ ఉంటేనే కదా, గీతను మనం ఎంచుకోగలిగేది.

ఇప్పుడు పేరు పెరిగి జనం ఎక్కువయ్యారు కాబట్టి గుర్తులు పెట్టాలని, చిత్తడిలో రాళ్లు పరవాలని అనేవాళ్లున్నారు. అందరూ ఒకే గీత మీద నడిస్తే పీట్ చిట్లి, బాట ఏటేటా వెడల్పవుతుంది. అప్పుడు రాళ్లు పరవక తప్పదు. ఇంగ్లండ్‌లోని పెన్నైన్ వే మీద జరిగింది అదే, అక్కడ కూల్చిన మిల్లుల నేల పలకలు తెచ్చి పరిచారు. చేయాల్సిన పనే చేశారు. కాని ఇక్కడ అడుగులు చెదిరి పడుతున్నంతకాలం నేల తట్టుకుంటుంది. కాబట్టి గుర్తులు వద్దనే నా అభిప్రాయం. ఆ పీట్ విలువ కూడా చిన్నది కాదు: భూమి విస్తీర్ణంలో దాదాపు మూడు శాతమే ఉన్న ఈ నేలలు ప్రపంచంలోని అడవులన్నిటికన్నా ఎక్కువ కార్బన్‌ను దాచుకున్నాయి. ఈ దారికి తూర్పున ఉన్న ఫ్లో కంట్రీ అనే విశాలమైన చిత్తడిని యునెస్కో 2024లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1980లలో అదే నేలలో కాలువలు తవ్వి, పన్ను రాయితీల కోసం పైన్, స్ప్రూస్ తోటలు నాటారు. ఇప్పుడు ఆ చెట్లు కొట్టి, కాలువలు పూడుస్తున్నారు.

గ్లాస్గో, ఎడింబరాల్లో చదువుకునే మన పిల్లలు హ్యారీ పాటర్ సినిమాలో చూసిన గ్లెన్‌ఫిన్నన్ రైలు వంతెన దగ్గర ఫొటోలు దిగి వస్తుంటారు. ఈ దారి ఆ వంతెన కిందుగానే పోతుంది. అక్కడి నుంచి లోయలోకి కొంతదూరం నడిస్తే కొరీహల్లీ బోథీ వస్తుంది. ఒక రోజు నడకతో రుచి చూడటానికి అది మంచి చోటు. మొత్తం నడవాలనుకుంటే ముందు దిక్సూచి పట్టుకోవడం ఎవరి దగ్గరైనా నేర్చుకోండి. ఏప్రిల్ చివర, మే నెల అనువైన కాలం: వానలు కాస్త తక్కువ, మిడ్జ్ అనే కుట్టే నుసుములు ఇంకా విజృంభించవు. 2023 దాకా చట్టప్రకారం జూలై 1 నుంచి అక్టోబర్ 20 వరకే మగ జింకల వేటకాలం, ఇప్పుడు ఆ హద్దు లేదు; కాబట్టి ఏ కొండమీద వేట సాగుతోందో అడిగి వెళ్లాలి. సరుకులు కిన్‌లాఖ్యూ, ఉల్లాపూల్, కిన్‌లాఖ్‌బర్వీల్లో దొరుకుతాయి. చివరి కొసన రాబర్ట్ స్టీవెన్సన్ 1828లో కట్టిన దీపస్తంభం ఉంది. దానికి చేరే మైదానంలో కొంత భాగం సైన్యం కాల్పుల సాధనకు వాడుకుంటుంది. ఆ వేళలు ముందే కనుక్కోండి, ఎర్రజెండా ఎగురుతుంటే హద్దు దాటకండి, ఒక రోజు తిండి అదనంగా ఉంచుకోండి.