డిటర్జెంటు పరీక్షలు — చన్నీటి సమస్య

కొన్ని డిటర్జెంటు పొట్లములపై “జీవవిచ్ఛిన్నము నొందును” అని ముద్రించి యుండును. అనగా బాక్టీరియాలు ఆ పదార్థమును విడగొట్టగలవని అర్థము. చదువరులు దీనిని ద్రవీభవన స్థానమువలె పదార్థమునకు స్థిరమైన గుణముగా భావింతురు. ఈ భావన సరియైనది కాదు.

ఈ మాటకు చరిత్ర కలదు. 1950 దరిదాపుల విస్తారముగా వాడుకకు వచ్చిన ఆల్కైల్ బెంజీను సల్ఫోనేటులలో కార్బను శృంఖలమునకు శాఖలుండెడివి. బాక్టీరియాలు వీనిని సులభముగా విడగొట్టలేకపోయినవి. ఐరోపా, అమెరికా నదులపై నురుగు పేరుకొన్నది. పశ్చిమ జర్మనీ 1961లో శాసనము చేసి, 1964 నుండి కనీసము 80 శాతము విచ్ఛిన్నత ఉండవలెనని విధించినది. తయారీదారులు శాఖలు లేని సరళ శృంఖలమునకు మారిరి. దీనిని బాక్టీరియాలు కొననుండి ఆక్సీకరించి రెండేసి కార్బనులుగా తెంచును. పిమ్మట బెంజీను వలయము తెగును. నురుగు తగ్గినది. ఇది గొప్ప విజయమే.

అయితే ఆనాటి పరీక్ష కొలిచినదేమి? మిథిలీన్ బ్లూ రంగుతో జతపడు పదార్థము మాయమగుటను మాత్రమే. శృంఖలము కొంత తెగినంతనే ఆ గుణము పోవును. అణువు పూర్తిగా నశించినదని దానివలన తేలదు. 2004లో ఐరోపా సమాఖ్య నిబంధన ఈ లోపమును దిద్దినది. కార్బన్ డయాక్సైడు వెలువడుటనుబట్టియో, ఆక్సిజను ఖర్చునుబట్టియో, 28 దినములలో కనీసము 60 శాతము పూర్తి విచ్ఛిన్నత తేలవలెనని కోరినది. కాని ఇట్టి పరీక్షలు సాధారణముగా 22 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున జరుగును. ఉత్తర ఐరోపాలో శీతకాలపు మురుగునీరు 10 డిగ్రీలకు దిగువకు పోవుట కలదు. పైగా శుద్ధికేంద్రపు గాలితొట్టిలో నీరు నిలుచునది తరచు కొన్ని గంటలే.

పరీక్షను సమర్థించువారి వాదములోను బలము కలదు. పరీక్షసీసాలో బాక్టీరియాలు కొలదిగా ఉండును. శుద్ధికేంద్రపు బురదలో అవి అపారము. చన్నీటిలో ఆక్సిజను కూడ ఎక్కువగా కరగును: 20 డిగ్రీలవద్ద లీటరుకు సుమారు 9 మిల్లిగ్రాములు, 10 డిగ్రీలవద్ద 11. అయినను ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గినచో బాక్టీరియాల పని సుమారు సగమగును. అందుచేత బురదను ఎక్కువ దినములు నిలిపి, బాక్టీరియాల సంఖ్యను పెంచుకొన్న కేంద్రము చలికాలమును తట్టుకొనును. త్వరగా తోడివేయు కేంద్రము తట్టుకొనజాలదు. పదార్థ మొకటే యైనను ఫలితములు వేరు.

సగము విచ్ఛిన్నము హానికరము కూడ కావచ్చును. నోనైల్ ఫినాల్ ఇథాక్సిలేటులలోని ఇథాక్సీ గొలుసును బాక్టీరియాలు తినివేయగా నోనైల్ ఫినాల్ మిగులును. ఇది చేపలకు మూలపదార్థముకంటె ఎక్కువ విషము. ఈస్ట్రోజెను హార్మోనువలె కూడ పనిచేయును. మురుగు బురదలో ఇది పేరుకొనుచున్నదని స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు 1984లో ప్రకటించిరి.

మన మురుగునీరు వెచ్చనిదే. అంతమాత్రమున నిశ్చింత తగదు. సరళ శృంఖల సల్ఫోనేటు విచ్ఛిన్నమునకు ఆక్సిజను అవసరము. గాలి సోకని కాలువలో వెచ్చదన మొక్కటే చాలదు. కావున ఈ పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు విద్యార్థులచే మూడు ప్రశ్నలు అడిగించవలెను: ఎంత ఉష్ణోగ్రతలో? ఎన్ని దినములలో? చివరకు ఏమిగా మారును? పొట్లముపై ముద్రించువారును ఈ మూడింటిని తెలుపుట న్యాయము.