మార్కాపురం పలకలో పీజీ సబ్జెక్టు

బీటెక్‌లో కెమికల్ చదివి, పీజీకి మెటీరియల్స్ సైన్స్ వైపు వెళ్దామనుకునే పిల్లలు ఒకసారి మార్కాపురంలో పలక రాయి చీల్చే పని చూడాలి. ఆ శాస్త్రం దేని గురించో అక్కడ తెలుస్తుంది.

పలక రాయి ఒకప్పటి బురదే. నల్లమల పక్కన కంభం, మార్కాపురం వైపు కనిపించే ఈ రాళ్లు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి ఇక్కడి నేల మడతలు పడింది. ఆ నలుగుడులో, వేడిలో బంకమన్ను అభ్రకంగా, క్లోరైటుగా మారింది. వాటి సన్నని రేకులన్నీ ఒత్తిడికి అడ్డంగా ఒకే వరసలో సర్దుకున్నాయి. ఎండిన బురదనూ పలక రాయినీ ల్యాబుకిస్తే రసాయన లెక్క దాదాపు ఒకటే వస్తుంది. రెండింటిలోనూ సగానికి పైగా సిలికాయే. అయినా ఒకటి చేతిలో పొడి అవుతుంది, రెండోది రేకులుగా చీలుతుంది. ఎంత పోశాం, ఎంత వచ్చిందనే లెక్కతో నాలుగేళ్లు గడిపిన కెమికల్ విద్యార్థి, లోపల ఏది ఎలా అమరి ఉందని అడగడం మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

గని నుంచి తీసిన రాతి దిమ్మ పచ్చిగా ఉన్నప్పుడే బాగా చీలుతుంది, తేమ ఆరితే మొండికేస్తుంది. తట్టి చూస్తే మంచి దిమ్మ ఖంగుమంటుంది. లోపల పగులుంటే మోత చచ్చిపోతుంది. పలుచని ఉలిని పొర వెంట ఆనించి సుత్తితో మెల్లగా తడతారు. దిమ్మను నడిమికి రెండు చేసి, ఆ సగాలను మళ్లీ సగం చేసుకుంటూ పోవడం వేల్స్ గనుల్లోనూ ఉన్న పద్ధతే. రెండు పక్కలా మందం సమానంగా ఉంటే పగులు తిన్నగా సాగుతుంది, లేకపోతే పలుచని వైపు తిరిగిపోతుంది. పగులు సాగడానికి ఎంత శక్తి కావాలో గ్రిఫిత్ అనే ఇంజినీరు 1921లో గాజు మీద ప్రయోగాలు చేసి లెక్క కట్టాడు. రాయి చీల్చేవాళ్లు ఆ సంగతి చేత్తో తెలుసుకున్నారు. ఆపైన అంచులు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే బడి పలక. నోటుపుస్తకాలొచ్చాక దానికి గిరాకీ తగ్గింది. ఇప్పుడు ఆ రాయి గోడలకు, నేలకు టైల్స్‌గా పోతోంది.

ఈ పనిని పొగిడేవాళ్లు ధూళి మాట, పిల్లల చాకిరీ మాట ఎత్తరు. సిలికా ధూళితో వచ్చే సిలికోసిస్‌కు నయం లేదు. 1988లో కేంద్రం ప్రారంభించిన జాతీయ బాలకార్మిక ప్రాజెక్టులు తొలి విడతలో చేపట్టిన చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. అక్షరాలు దిద్దుకునే పలకలు చేసింది బడికి పోని పిల్లలన్నమాట!

ఇక చదువు సంగతికొస్తే, కెమికల్‌లో చదివిన థర్మోడైనమిక్స్, కైనెటిక్స్ ఎక్కడికీ పోవు. ఘనపదార్థంలో పరమాణువుల విసరణకూ ఫిక్ సూత్రమే. స్ఫటిక నిర్మాణం, ఎక్స్‌రే డిఫ్రాక్షన్ మాత్రం కొత్తగా కూర్చుని నేర్చుకోవాలి. గేట్‌లో ఎక్స్‌ఈ పేపరులో మెటీరియల్స్ సైన్స్ ఒక విభాగం. ఏ సంస్థ ఏ స్కోరు తీసుకుంటుందో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

గిద్దలూరు, మార్కాపురం నుంచి వెళ్లే పిల్లలకు నాదొక మనవి. థీసిస్ అంశం కోసం దూరం పోకండి. రాయి కోతలో మిగిలే తుక్కును ఇటుకల్లోనో సిమెంటులోనో ఎలా వాడొచ్చు, కోసేటప్పుడు ధూళి లేవకుండా ఏం చేయొచ్చు? ఈ రెంటిలో ఒకటి తీసుకోండి.